ఆగిన కంప్యూటర్, ఆగని డిస్కు

పాత కంప్యూటర్ ఒకరోజు ఆన్ కావడం మానేస్తుంది. స్విచ్ వేస్తే ఫ్యాన్ రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. లేదంటే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఏదో ఒక వాక్యం వచ్చి అక్కడే నిలిచిపోతుంది. మెకానిక్ చూసి మదర్‌బోర్డు పోయిందంటాడు, ఆ మోడల్ ఇప్పుడు దొరకదంటాడు. ఇంటివాళ్లు దాన్ని సజ్జ మీదికి ఎక్కిస్తారు. కొన్నేళ్ల తర్వాత పాత సామాన్ల బండికి వేసేస్తారు.

ఇక్కడ పాడైంది యంత్రం. ఫొటోలు, కాగితాల స్కాన్లు, లెక్కలు ఉన్నది హార్డ్ డిస్క్ అనే విడి పరికరంలో. దానికీ కంప్యూటర్‌లోని మిగతా భాగాలకూ ఉన్న సంబంధం రెండు కేబుళ్లు మాత్రమే. ఆ కేబుళ్లు ఊడదీసి డిస్కును మరో కంప్యూటర్‌కు తగిలిస్తే చాలా సందర్భాల్లో ఫైళ్లన్నీ బయటికి వస్తాయి. ఈ పనికి కావలసిన సామగ్రి కొద్దిపాటిదే గానీ పాటించాల్సిన నియమం ఒకటి మాత్రం గట్టిది: డిస్కు నుంచి చదవాలి, డిస్కు మీద రాయకూడదు. ఈ నియమం వెనక ఉన్న విజ్ఞానం అర్థమైతే మిగిలిన జాగ్రత్తలన్నీ వాటంతటవే బోధపడతాయి.

మేడ్చల్, శామీర్‌పేటల అవసరం

ఇలా ఫైళ్లు రాబట్టుకోవాల్సిన అవసరం మేడ్చల్, శామీర్‌పేటల్లో ఎందుకో చూద్దాం. హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న ఈ రెండు ఊళ్ల రూపురేఖలు ఒక్క తరంలోనే మారిపోయాయి. జాతీయ రహదారి 44 మేడ్చల్ మీదుగా, రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదుగా పోతాయి. రెండింటినీ ఔటర్ రింగ్ రోడ్డు కలిపింది. శామీర్‌పేటకు 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ వచ్చాయి. 2016 అక్టోబర్ 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. 2022 ఆగస్టులో శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో కొత్త కలెక్టరేట్ ప్రారంభమైంది. జొన్న చేలు ప్లాట్లయ్యాయి.

భూమి విలువ పెరిగిన చోట కాగితం విలువ కూడా పెరుగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ కార్యాలయాల కంప్యూటరీకరణ, ‘కార్డ్’ పథకం కింద, 1998 నవంబర్‌లో మొదలైంది. భూ రికార్డుల ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబర్ 29న శామీర్‌పేటకు దగ్గర్లోని మూడుచింతలపల్లిలోనే ప్రారంభించారు. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూ భారతి వచ్చింది. ప్రభుత్వ రికార్డు ఒక వ్యవస్థ నుంచి మరో వ్యవస్థకు మారుతున్న ఈ కాలమంతా ఇళ్లలో మరో రికార్డు పెరుగుతూ వచ్చింది. లింకు డాక్యుమెంట్లు, పాత పహాణీ నకళ్లు, పన్ను రసీదులు స్కాన్ చేయించి ఇంట్లో కంప్యూటర్‌లో దాచుకున్నవాళ్లు ఈ ప్రాంతంలో ఎందరో. ఆ స్కాన్ అసలు దస్తావేజుకు సాటి రాదు. కానీ దాని మీద దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం పేరు ఉంటాయి. ఆ మూడూ తెలిస్తే ధ్రువీకరించిన నకలు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు.

డీటీపీ షాపులు, ఫొటో స్టూడియోల సంగతి వేరు. అక్కడ ఉన్న ఫైలుకు సర్కారు నకలేదీ ఉండదు. పెళ్లి ఫొటోలైనా, ఊరి దేవస్థానం కరపత్రమైనా, స్థానిక కవి అచ్చు వేయించుకున్న పుస్తకమైనా, ‘రంగారెడ్డి జిల్లా, మేడ్చల్ మండలం’ అన్న శీర్షికతో టైపు చేసిన పాత అర్జీలైనా ఆ ఒక్క డిస్కులోనే ఉంటాయి.

డిస్కు లోపల ఏముంది

మొదటి హార్డ్ డిస్క్ 1956లో ఐబీఎం సంస్థ రామాక్ యంత్రంతో బయటికి వచ్చింది. 24 అంగుళాల వ్యాసమున్న 50 పళ్లేలు అందులో తిరిగేవి. అంతటి యంత్రం దాచగలిగింది 50 లక్షల అక్షరాలు. ఈనాటి సెల్‌ఫోన్ తీసే ఒక్క ఫొటో అంత ఉంటుంది. ఇంట్లో వాడే డిస్కులో ఒకటి నుంచి మూడు పళ్లేలు ఉంటాయి, వ్యాసం దాదాపు 3.7 అంగుళాలు. లాప్‌టాప్‌లో అయితే దాదాపు రెండున్నర అంగుళాలు.

పళ్లెం అల్యూమినియంతో గానీ గాజుతో గానీ చేస్తారు. దాని మీద కోబాల్ట్ మిశ్రలోహపు అయస్కాంత పూత ఉంటుంది. ఆ పూతలోని అతి సూక్ష్మ ప్రాంతాల్లో అయస్కాంత దిశ ఎక్కడ మారింది, ఎక్కడ మారలేదు అన్నదే సమాచారం. దాన్ని చదివేది హెడ్. బాహ్య అయస్కాంత క్షేత్రాన్ని బట్టి పలుచటి లోహపు పొరల విద్యుత్ నిరోధం బాగా మారుతుందని 1988లో ఆల్బర్ట్ ఫెర్, పీటర్ గ్రూన్‌బెర్గ్ విడివిడిగా కనిపెట్టారు. ఈ ధర్మంతో పనిచేసే హెడ్లు 1997లో మార్కెట్‌కు వచ్చాయి. డిస్కుల సామర్థ్యం ఒక్కసారిగా పెరిగింది. ఆ ఇద్దరికీ 2007లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

అయస్కాంత దిశ నిలబడడానికి కరెంటు అక్కర్లేదు. మదర్‌బోర్డు కాలిపోయినా, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పేలిపోయినా, కంప్యూటర్ ఏళ్ల తరబడి సజ్జ మీద ఉన్నా పళ్లెం మీది దిశలు సాధారణంగా అలాగే ఉంటాయి. మరో కంప్యూటర్ సాయంతో ఫైళ్లు తీయవచ్చు అన్న మాటకు ఆధారం ఇదే.

నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్లెం అంచు గంటకు 120 కిలోమీటర్లకు పైగా వేగంతో కదులుతుంది. హెడ్ దాన్ని తాకదు. పళ్లెంతో పాటు తిరిగే గాలి పొర మీద, పది నానోమీటర్ల స్థాయి ఎత్తులో తేలుతుంది. గాలిలో ఉండే అర మైక్రాన్ ధూళి కణం 500 నానోమీటర్లు. ఈ రెండు కొలతలూ గుర్తుంచుకుంటే డిస్కు మూతను ఇంట్లో ఎందుకు తెరవకూడదో వేరే చెప్పనక్కర్లేదు.

పట్టికలో పేరు, పళ్లెం మీద పొలం

పళ్లెం మీది చోటును సెక్టార్లుగా విభజిస్తారు. పాత డిస్కుల్లో సెక్టారుకు 512 బైట్లు. 500 జీబీ డిస్కులో ఇలాంటివి 97 కోట్ల 67 లక్షలకు పైగా ఉంటాయి. ఏ ఫైలు ఏ సెక్టార్లలో ఉందో చెప్పే పట్టిక డిస్కులోనే వేరుగా ఉంటుంది. విండోస్‌లో 1993 నుంచి వాడుకలో ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో దీన్ని మాస్టర్ ఫైల్ టేబుల్ అంటారు. పెన్‌డ్రైవ్‌లలో, పాత విండోస్ 98 యంత్రాల్లో కనిపించే ఫ్యాట్ పద్ధతికి దాని పట్టిక దానికి ఉంది.

ఊళ్లో పహాణీకీ భూమికీ ఉన్న సంబంధమే ఈ పట్టికకూ పళ్లేనికీ ఉంది. పహాణీలోంచి పేరు కొట్టేసినంత మాత్రాన పొలం మాయం కాదు. ఎవరో వచ్చి దున్ని కొత్త పంట వేసేదాకా పాత మోళ్లు అక్కడే ఉంటాయి.

మనం ఫైలు డిలీట్ చేసినప్పుడు జరిగేది ఇదే. ఫ్యాట్ పద్ధతిలో ఆ ఫైలు పేరులోని మొదటి అక్షరం స్థానంలో ‘ఈ5’ అనే సంకేతం పడుతుంది, ఆ సెక్టార్లు ఖాళీ అని పట్టికలో నమోదవుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఆ ఫైలు నమోదు వాడుకలో లేదని ఒక గుర్తు మారుతుంది. సెక్టార్లలోని సమాచారం కదలదు. త్వరగా అయిపోయే ‘క్విక్ ఫార్మాట్’ కూడా పట్టికను కొత్తగా వేస్తుందే తప్ప పళ్లెమంతా తుడవదు. అందువల్ల పొరపాటున క్విక్ ఫార్మాట్ కొట్టిన డిస్కు నుంచి కూడా ఫైళ్లు రాబట్టవచ్చు. కాకపోతే కొత్తగా రాసే ప్రతి ఫైలూ ఆ ఖాళీ అని నమోదైన సెక్టార్ల మీదే పడే అవకాశం ఉంది. ఒకసారి కొత్తది పడ్డాక పాతది తిరిగి రాదు. ‘చదవాలి, రాయకూడదు’ అన్న నియమానికి మూలం ఇక్కడుంది.

ఊడదీయడం, తగిలించడం

ముందుగా కరెంటు ప్లగ్ పూర్తిగా తీసేయాలి. సీపీయూ అని మనం పిలిచే డబ్బా పక్క రేకు విప్పితే, ముందు భాగంలో ఇనుప అరలో నాలుగు స్క్రూలతో బిగించిన డిస్కు కనిపిస్తుంది. ముట్టుకునే ముందు డబ్బా లోహాన్ని చేత్తో తాకితే ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. వేసవిలో గాలి పొడిగా ఉన్నప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం.

కేబుల్ చూస్తే డిస్కు ఏ కాలానిదో తెలుస్తుంది. వెడల్పుగా, రిబ్బను మాదిరిగా ఉండి 40 పిన్నుల కనెక్టర్ ఉంటే అది ఐడీఈ. సుమారు 2003 తర్వాత వ్యాపించిన సాటా డిస్కుకు సన్నటి కేబుల్ ఉంటుంది, సమాచారానికి 7, కరెంటుకు 15 స్పర్శలు. రెండు రకాలకూ సరిపోయే యూఎస్‌బీ అడాప్టర్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అనే చోట అడగవచ్చు. డెస్క్‌టాప్ డిస్కు మోటారుకు 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులే. కాబట్టి విడిగా కరెంటు ఇచ్చే అడాప్టరే కొనాలి. లాప్‌టాప్ డిస్కు 5 వోల్టులతోనే తిరుగుతుంది.

ఐడీఈ డిస్కు వెనక భాగంలో, కేబుల్ పిన్నులకూ కరెంటు పిన్నులకూ మధ్య, చిన్న ప్లాస్టిక్ తొడుగు ఒకటి రెండు పిన్నులను కలుపుతూ ఉంటుంది. దాన్ని జంపర్ అంటారు. ఒకే కేబుల్ మీద రెండు డిస్కులు ఉన్న కాలంలో ఏది మాస్టర్, ఏది స్లేవ్ అని చెప్పడానికి దాన్ని పెట్టారు. ఏ స్థానం దేనికో డిస్కు మీది కాగితపు లేబుల్‌లో బొమ్మ వేసి ఉంటుంది. అడాప్టర్‌తో వాడేటప్పుడు సాధారణంగా మాస్టర్ స్థానంలో ఉంచాలి. ఈ వేలిగోరంత ముక్క తప్పుగా ఉన్నందుకే కొత్త కంప్యూటర్ చాలాసార్లు డిస్కును గుర్తించదు, మంచి డిస్కును పోయిందని పక్కన పడేస్తారు.

డిస్కును కదలని బల్ల మీద పెట్టి, కరెంటు ఇచ్చి చెవి పెట్టి వినాలి. సన్నటి హోరు మొదలై, ఒకటి రెండు చిన్న చప్పుళ్ల తర్వాత నిలకడగా సాగితే డిస్కు ఆరోగ్యంగా ఉన్నట్టే. ‘టక్... టక్...’ అని ఒకే లయలో కొట్టుకుంటూ మోటారు ఆగిపోతే హెడ్ తన చోటు వెతుక్కోలేకపోతోందని అర్థం. అప్పుడు వెంటనే కరెంటు తీసేయాలి.

అంతా సవ్యంగా ఉంటే కొత్త కంప్యూటర్‌లో ఒకటి రెండు కొత్త డ్రైవ్ అక్షరాలు కనిపిస్తాయి. విండోస్ ఎక్స్‌పీ డిస్కు అయితే ఒకప్పటి సి డ్రైవ్‌లో ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ అనే ఫోల్డర్‌లో, విస్టా నుంచి ఇటువైపు అయితే ‘యూజర్స్’ ఫోల్డర్‌లో పాత వాడకందారు పేరుతో డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్ ఉంటాయి. మన షాపుల్లో పని ఫైళ్లను డి డ్రైవ్‌లో వేసే అలవాటు ఎక్కువ కాబట్టి అది కూడా వెతకాలి. తెరవబోతే అనుమతి లేదని ఒక డబ్బా రావచ్చు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనుమతులను పేరుతో కాకుండా, ఖాతా సృష్టించినప్పుడు పుట్టిన పొడవాటి గుర్తింపు సంఖ్యతో ముడిపెడుతుంది. కొత్త కంప్యూటర్‌కు ఆ సంఖ్య తెలియదు. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో యాజమాన్యం మార్చుకుంటే ఫోల్డర్ తెరుచుకుంటుంది గానీ ఆ మార్పు కూడా డిస్కు మీద రాతే. విండోస్ బదులు లైనక్స్ అనే ఆపరేటింగ్ వ్యవస్థతో తెరిస్తే ఆ అవసరం రాదు.

రాయకుండా చదవడం

‘నేనేమీ రాయలేదు, తెరిచి చూశానంతే’ అనుకోవడం సహజం. కంప్యూటర్ దృష్టిలో తెరవడం కూడా చాలాసార్లు రాయడమే. విండోస్‌కు డిస్కు తగిలించగానే అది తన సొంత ఫోల్డర్లు, నమోదులు వేసుకుంటుంది. పట్టికలో తేడా కనిపిస్తే సరిచేస్తానని చెక్‌డిస్క్ మొదలుపెట్టవచ్చు. పట్టిక అర్థం కాకపోతే ‘ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని అడుగుతుంది. ఆ డబ్బాలో ఫార్మాట్ అన్న బటన్ నొక్కినవాళ్ల పని రెట్టింపు అవుతుంది.

2001 డిసెంబర్ 13 నాటి పార్లమెంటు దాడి కేసులో ఈ విషయమే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కేసులో స్వాధీనం చేసుకున్న లాప్‌టాప్‌ను పరీక్షించిన నిపుణుల్లో ఒకరు హైదరాబాద్‌లోని ఒక కేంద్ర ప్రభుత్వ విభాగానికి చెందినవారు. నకిలీ గుర్తింపు కార్డుల బొమ్మలు హార్డ్ డిస్కులో ఉన్నట్టు తేలింది. అయితే కొన్ని ఫైళ్ల మీద లాప్‌టాప్ పోలీసుల చేతికి వచ్చాక పడిన తేదీలున్నాయని ప్రతివాదుల తరఫు న్యాయవాదులు ఎత్తిచూపారు. కంప్యూటర్‌ను ఆన్ చేసినప్పుడు వ్యవస్థ తనంతట తానే రాసుకున్న ఫైళ్లు అవని వివరణ వచ్చింది. 2005 ఆగస్టులో వెలువడిన తీర్పులో ఆ ఎలక్ట్రానిక్ సాక్ష్యంపై విస్తృత చర్చ ఉంది.

అందుకే ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో అసలు డిస్కును దాని కంప్యూటర్‌లో ఆన్ చేయరు. రైట్ బ్లాకర్ అనే పరికరాన్ని మధ్యలో పెడతారు. అది చదివే ఆదేశాలనే డిస్కుకు పోనిస్తుంది, రాసే ఆదేశాలను ఆపేస్తుంది. తర్వాత మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా, ఖాళీ చోటుతో సహా, ప్రతిబింబం తీస్తారు. అసలుకూ నకలుకూ గణిత పద్ధతిలో హ్యాష్ విలువ కడతారు. ఒక్క బిట్ మారినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఈ హ్యాష్ విలువ రాయాల్సి ఉంటుంది. ఇలాంటి పరీక్షలు జరిగే కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాల ఇదే మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని రామంతాపూర్‌లో ఉంది.

ఇంట్లో రైట్ బ్లాకర్ ఉండదు. దానికి దగ్గరి మార్గం లైనక్స్. ఉబుంటు వంటి వ్యవస్థను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కొత్త కంప్యూటర్‌ను దానితో ఆన్ చేసి, పాత డిస్కును ‘రీడ్ ఓన్లీ’ పద్ధతిలో తెరవవచ్చు. అప్పుడు విండోస్ అనుమతులు అడ్డురావు, డిస్కు మీద ఏదీ రాయబడదు. కాపీ చేసిన ఫైళ్లు కచ్చితంగా మరో డిస్కులోకే పోవాలి. యూఎస్‌బీ 2 వేగంతో 500 జీబీ నకలు తీయడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ ఉండాలి.

డిస్కు జబ్బుపడితే

డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకుంటుంది. ఆ ఏర్పాటు పేరు స్మార్ట్. పాడైన సెక్టార్ల బదులు వాడిన అదనపు సెక్టార్లు ఎన్ని, చదవలేక వాయిదా వేసినవి ఎన్ని అన్న రెండు అంకెలు అందులో ముఖ్యం. ఇవి సున్నా కాకుండా పెరుగుతూ ఉంటే ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరిచి చూస్తూ కూర్చోకూడదు. బలహీనమైన హెడ్‌తో చేయించే ప్రతి చదువూ చివరిది కావచ్చు.

అప్పుడు పనికొచ్చేది ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన గ్నూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం. మామూలు కాపీ ఒక చెడ్డ సెక్టారు తగలగానే అక్కడే మొరాయిస్తుంది. ఇది అలా చేయదు. మొదటి విడతలో బాగున్న ప్రాంతాలన్నీ చదివేసి, చెడ్డచోట్లను వదిలి ముందుకు పోతుంది. ఆ తర్వాత వెనక్కి వచ్చి మిగిలిన చోట్లను కొంచెం కొంచెంగా ప్రయత్నిస్తుంది. ఎంత అయిందో ఒక పటంలో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి మర్నాడు కొనసాగించవచ్చు. వచ్చిన ప్రతిబింబం మీదే మిగతా పరిశోధనంతా చేయాలి, అసలు డిస్కును పక్కన పెట్టేయాలి.

పట్టికే చెడిపోతే క్రిస్టోఫ్ గ్రెనియర్ రూపొందించిన టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అక్కరకొస్తాయి. ఫొటోరెక్ పట్టికను చూడదు, సెక్టార్లను నేరుగా గాలిస్తుంది. జేపెగ్ ఫొటో ‘ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్’ అనే మూడు బైట్లతో మొదలై ‘ఎఫ్ఎఫ్ డీ9’తో ముగుస్తుంది. పీడీఎఫ్ ఫైలు మొదట్లో శాతం గుర్తు, దాని వెంట పీడీఎఫ్ అన్న మూడక్షరాలు ఉంటాయి. ఆ గుర్తులు పట్టుకుని ఫైలును మొదలు నుంచి చివర దాకా పోగుచేస్తుంది. ఒక ఫైలు ముక్కలై వేర్వేరు చోట్ల పడి ఉంటే ఫొటో సగం దాకా వచ్చి కింద బూడిదరంగు పట్టీగా మిగలవచ్చు. పేర్లు, తేదీలు పట్టికతో పాటే పోయాయి కాబట్టి వేల ఫొటోలు అంకెల పేర్లతో వస్తాయి. ఏది ఎవరి పెళ్లిదో స్టూడియోవాళ్లు కంటితో చూసి వేరుచేసుకోవాల్సిందే.

హెడ్ దెబ్బతిన్న డిస్కును తెరవాలంటే శుద్ధ గాలి గది కావాలి. ఐఎస్‌ఓ 5వ తరగతి గదిలో ఘనమీటరు గాలికి అర మైక్రాన్, అంతకు మించిన కణాలు 3,520 దాటకూడదు. జీనోమ్ వ్యాలీలాంటి చోట్ల వ్యాక్సీన్లు సీసాల్లో నింపే స్థలానికి పాటించే ప్రమాణం కూడా ఈ స్థాయిదే. ఇంటి బల్ల మీద మూత తీసిన డిస్కును తర్వాత ఏ ప్రయోగశాలకు తీసుకెళ్లినా సగం ఆశ పోయినట్టే. డిస్కును ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందన్న మాట కూడా నమ్మకూడదు. చల్లటి పళ్లెం మీద తేమ పడుతుంది, ఆ తేమ మీద హెడ్ నడుస్తుంది. అదే మోడల్ డిస్కు కొని దాని సర్క్యూట్ బోర్డు మార్చడం ఒకప్పుడు పనిచేసేది. తర్వాతి డిస్కుల్లో ప్రతి బోర్డు చిప్పులో ఆ ఒక్క డిస్కుకే సరిపోయే కొలతలు రాసి ఉంటాయి కాబట్టి ఉత్తి బోర్డు మార్పు సాధారణంగా ఫలించదు.

ఫైలు దొరికినా అక్షరం దొరక్కపోతే

తెలుగు ఫైళ్లకు మరో చిక్కు ఉంది. యూనికోడ్ 1991లో తన మొదటి రూపంలోనే తెలుగుకు 128 స్థానాల గడి కేటాయించింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. అయినా మన డీటీపీ షాపుల్లో ఏళ్ల తరబడి సాగింది పేజ్‌మేకర్, అను ఫాంట్ల జంటే. పేజ్‌మేకర్ చివరి రూపం 7, అది 2001లో వచ్చింది.

అను పద్ధతిలో తెలుగు అక్షరాలకు సొంత స్థానాలు లేవు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలను బొమ్మలుగా కూర్చారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు మరో ముక్క. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో చక్కటి తెలుగు కనిపిస్తుంది. లేని కంప్యూటర్‌లో అదే ఫైలు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, కరెన్సీ గుర్తులు, నక్షత్రాల కలగాపులగంగా కనిపిస్తుంది. ఫైలు పాడైందనుకుని దాన్ని తీసేయడం పెద్ద తప్పు. అందులో ప్రతి బైటూ భద్రంగానే ఉంది, దాన్ని చదివే తాళంచెవి లేదు, అంతే.

కాబట్టి పాత తెలుగు కంప్యూటర్ నుంచి పని ఫైళ్లు తీసేటప్పుడు విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా కాపీ చేసుకోవాలి. తర్వాత అను నుంచి యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాంలతో పాఠాన్ని మార్చి, ఒత్తులు, పొల్లులు సరిచూసుకోవాలి. యూనికోడ్‌లోకి మారిన పుస్తకాన్ని వెతకవచ్చు, సెల్‌ఫోన్‌లో చదవవచ్చు. అలా మారనంత కాలం ఆ పుస్తకం ఒక ఫాంటు మీద ఆధారపడి బతుకుతుంది.

కొత్త కంప్యూటర్లకు ఈ దారి లేదు

ఇప్పటిదాకా చెప్పినదంతా తిరిగే పళ్లేల డిస్కుకు వర్తిస్తుంది. ఇప్పుడు అమ్మే లాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది ఎస్‌ఎస్‌డీ. అందులో సమాచారం సూక్ష్మమైన అరల్లో బందీ అయిన విద్యుదావేశం రూపంలో ఉంటుంది. ఫైలు డిలీట్ చేయగానే విండోస్ ‘ట్రిమ్’ అనే ఆదేశం పంపుతుంది, ఆ అరలను డిస్కు తనంతట తాను ఖాళీ చేసేస్తుంది. పాత డిస్కులో నెలల తర్వాత కూడా దొరికే ఫైలు ఇక్కడ కొద్దిసేపట్లోనే పోవచ్చు. ఆవేశం కూడా కాలంతో, వేడితో కారిపోతుంది. నిర్ణీత వాడకమంతా అయిపోయిన ఇంటి రకం ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఏడాదిపాటు సమాచారం నిలపాలన్నది పరిశ్రమ ప్రమాణం. మే నెలలో మన సజ్జ మీది వేడి అంతకు ఎక్కువే.

రెండో అడ్డు గూఢలేఖనం. విండోస్ 11 ఉన్న చాలా కొత్త యంత్రాల్లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయితే డిస్కు మొత్తం తానుగా గూఢలేఖనం అవుతుంది. ఆ డిస్కును మరో కంప్యూటర్‌కు తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్కు ఎంత ఆరోగ్యంగా ఉన్నా ఒక్క అక్షరం బయటికి రాదు. దొంగల నుంచి రక్షించే ఏర్పాటే మరచిపోయిన యజమానికి అడ్డుగోడ అవుతుంది. ఆ కీని ఈరోజే కాగితం మీద రాసి, దస్తావేజులు దాచే చోటే పెట్టుకోవాలి. కొన్ని పలుచటి లాప్‌టాప్‌లలో నిల్వ చిప్పులు మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి, ఊడదీయడానికి అసలు డిస్కే ఉండదు.

అంటే మరో కంప్యూటర్‌తో ఫైళ్లు తీసే సౌలభ్యం ముఖ్యంగా ఒక తరం యంత్రాలకు చెందినది. ఆ తరం యంత్రాలు ఇప్పుడు సజ్జల మీద ఉన్నాయి, వాటి మోటార్లు కూడా ముసలివవుతున్నాయి.

చేయాల్సిన పని

విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపేసింది. ఆ కాలపు సీపీయూ ఇంట్లో ఉంటే దాన్ని ఆన్ చేసి చూసే ప్రయత్నాలు మాని, డిస్కు ఊడదీసి నకలు తీయించండి. బయట ఇస్తే డిస్కును రసీదు మీద, క్రమసంఖ్య రాయించుకుని ఇవ్వండి. ఫార్మాట్ చేయవద్దని, పాత డిస్కులో ఏదీ ఇన్‌స్టాల్ చేయవద్దని ముందే చెప్పండి. వచ్చిన ఫైళ్లను రెండు వేర్వేరు డిస్కుల్లో వేసి, ఒకటి ఇంట్లో, ఒకటి దగ్గరి బంధువుల ఇంట్లో ఉంచండి. ఏడాదికోసారి రెండూ తెరిచి చూడండి.

ఫైళ్లు చేతికి వచ్చాక పాత డిస్కును అలాగే పాత సామాన్ల బండికి వేయకూడదు. మన ఆధార్ నకళ్లు, బ్యాంకు కాగితాలు మనం తీసినంత తేలికగా మరొకరూ తీయగలరు. మొదటి సెక్టారు నుంచి చివరి దాకా ఒక్కసారి సున్నాలు రాస్తే చాలు, పాత సమాచారం తిరిగిరాదు. తిరగని డిస్కు అయితే పళ్లేలకు రంధ్రాలు పడేలా డ్రిల్ చేయించాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అది నమోదిత రీసైక్లర్‌కు చేరాలి, జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు కాదు.

హార్డ్ డిస్కుకు కంపెనీ ఇచ్చే వారంటీ డిస్కు పాడైతే కొత్త డిస్కు ఇవ్వడానికే. అందులోని ఫైళ్లకు ఏ కంపెనీ పూచీ పడదు. రెండో నకలు తీసుకునే బాధ్యత ఆ ఫైళ్లు ఎవరివో వాళ్లదే.